పాఠం 17: కణితి కణజాలంలో ప్రోటీన్ల స్థానాలను గుర్తించడం

రొమ్ములో గడ్డ ఉన్న ఒక స్త్రీకి బయాప్సీ చేశారనుకోండి. అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. కొన్ని రోజుల తర్వాత వచ్చిన రిపోర్టులో 'క్యాన్సర్' అనే మాటతో పాటు మరికొన్ని మాటలు కూడా ఉంటాయి. 'ఇ.ఆర్. పాజిటివ్', 'పి.ఆర్. పాజిటివ్', 'హెర్-2: 1+' వంటివి. ఈ మాటలు ఏమి చెబుతున్నాయి? వీటిని ఎలా కనుక్కొన్నారు? వీటి వల్ల చికిత్సలో ఏమి తేడా వస్తుంది?

ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2 అనేవి మూడు ప్రోటీన్ల పేర్లు. ఆ గడ్డలోని కణాల్లో ఈ ప్రోటీన్లు ఉన్నాయా, ఉంటే కణంలో ఏ భాగంలో ఉన్నాయి, ఎన్ని కణాల్లో ఉన్నాయి అనే విషయాలను రిపోర్టు తెలుపుతుంది. ఒకేలా కనిపించే రెండు గడ్డలకు వేర్వేరు మందులు ఎందుకు ఇస్తారో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఈ పాఠంలో ప్రోటీన్ల స్థానాన్ని కనుక్కొనే పద్ధతిని, దాని ఉపయోగాన్ని తెలుసుకొందాం.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• ప్రోటీన్ ఉందని తెలియడానికీ, ఎక్కడ ఉందో తెలియడానికీ గల తేడాను వివరించగలుగుతారు;
• ప్రతిరక్షకాల సహాయంతో ప్రోటీన్లకు రంగు పట్టించే విధానాన్ని దశలవారీగా చెప్పగలుగుతారు;
• కొన్ని ముఖ్యమైన ప్రోటీన్ల స్థానాలను పేర్కొనగలుగుతారు;
• హెర్-2 పరీక్ష ఫలితాల అర్థాన్ని చెప్పగలుగుతారు;
• పరీక్షలో పొరపాట్లకు కారణాలను, వాటి నివారణ మార్గాలను గుర్తించగలుగుతారు.

17.1 కణంలో ప్రోటీన్ల నివాసం

కణానికి మూడు ముఖ్యమైన భాగాలు ఉంటాయని మీకు తెలుసు. బయటి పొర కణత్వచం. లోపల నిండి ఉండేది కణద్రవ్యం. దాని మధ్య జన్యుపదార్థాన్ని దాచి ఉంచేది కేంద్రకం. ప్రోటీన్ల తయారీకి సూచనలిచ్చే జన్యువులు మనిషిలో సుమారు 20,000 ఉన్నాయి. దాదాపు అన్ని కణాల్లోనూ ఇవే జన్యువులు ఉన్నా, ప్రతి కణం అన్ని ప్రోటీన్లనూ తయారుచేయదు. కాలేయ కణం తయారుచేసే ప్రోటీన్లలో కొన్నింటిని చర్మ కణం తయారుచేయదు. తయారైన ప్రోటీన్ కూడా ఎక్కడపడితే అక్కడ ఉండదు. కొన్ని కణత్వచంలో నిలిచి బయటి సంకేతాలను అందుకొంటాయి. కొన్ని కణద్రవ్యంలో పనిచేస్తాయి. మరికొన్ని కేంద్రకంలోకి వెళ్ళి జన్యువులను పనిచేయిస్తాయి.

కణితి అంటే కేవలం క్యాన్సర్ కణాల ముద్ద అనుకోకండి. అందులో క్యాన్సర్ కణాలతో పాటు రక్తనాళాలు, సంధాయక కణజాలం, రోగనిరోధక కణాలు, పక్కనున్న ఆరోగ్యకరమైన కణాలు కలిసి ఉంటాయి. కాబట్టి ఒక ప్రోటీన్ ఉందని తెలిసినంత మాత్రాన అది క్యాన్సర్ కణాల్లోనే ఉందని చెప్పలేం.

ఒక ఉదాహరణ చూద్దాం. పనసపండును అడ్డంగా కోస్తే పైన తొక్క, లోపల తొనలు, తొనల్లో గింజలు, వాటి మధ్య పీచు ఎక్కడెక్కడ ఉన్నాయో స్పష్టంగా కనిపిస్తుంది. అదే పండును మొత్తంగా రోట్లో వేసి రుబ్బితే అందులో ఏయే పదార్థాలు ఎంతెంత ఉన్నాయో పరీక్షించి చెప్పవచ్చు గాని, ఏది ఎక్కడ ఉండేదో చెప్పలేం. గడ్డ ముక్కను నూరి చేసే రసాయన పరీక్షలు రెండో రకానికి చెందినవి. పలుచని పొరగా కోసి సూక్ష్మదర్శిని కింద చూసే పరీక్షలు మొదటి రకానికి చెందినవి. ఈ పాఠంలో మనం చదివేది మొదటి రకం గురించే.

పాఠ్యగత ప్రశ్నలు 17.1
1. కణితిలో క్యాన్సర్ కణాలు కాక ఇంకా ఏమేమి ఉంటాయి? రెండింటిని పేర్కొనండి.
2. కణజాలాన్ని నూరి పరీక్షిస్తే ఏ సమాచారం పోతుంది?

17.2 గుర్తుపట్టే సాధనం: ప్రతిరక్షకం

ప్రోటీన్లు కంటికి కనిపించవు. మామూలు సూక్ష్మదర్శినిలో కూడా విడిగా కనిపించవు. మరి వేల రకాల ప్రోటీన్లలో మనకు కావలసిన ఒక్కదాన్ని ఎలా గుర్తుపట్టాలి? ఈ పనిని మన శరీరం ఎప్పటినుంచో చేస్తోంది. బయటి నుంచి సూక్ష్మజీవి ప్రవేశిస్తే దాని మీది ఒక నిర్దిష్ట భాగాన్ని మాత్రమే పట్టుకొనే ప్రోటీన్లను శరీరం తయారుచేస్తుంది. వీటిని ప్రతిరక్షకాలు అంటారు. ప్రతిరక్షకం పట్టుకొనే పదార్థాన్ని ప్రతిజనకం అంటారు. తాళంచెవి తన తాళానికి సరిపోయినట్లు ప్రతిరక్షకం తన ప్రతిజనకానికి సరిపోతుంది.

1941లో అమెరికా శాస్త్రవేత్త ఆల్బర్ట్ కూన్స్, ఆయన సహచరులు ఒక ప్రతిరక్షకానికి మెరిసే రంగును జతచేశారు. ఆ ప్రతిరక్షకం ఎక్కడ అతుక్కుంటే అక్కడ అతినీలలోహిత కాంతిలో మెరుపు కనిపిస్తుంది. అంటే ప్రతిజనకం ఎక్కడ ఉందో తెలిసిపోతుంది. కాని మెరుపును చూడడానికి ప్రత్యేక సూక్ష్మదర్శిని కావాలి. పైగా ఆ మెరుపు కొంతకాలానికి మాసిపోతుంది. 1960 దశకంలో మెరిసే రంగుకు బదులు ఎంజైమును జతచేసే పద్ధతి వచ్చింది. ఎంజైము తన దగ్గరున్న రంగులేని రసాయనాన్ని రంగుగల పదార్థంగా మార్చి అక్కడే నిలుపుతుంది. దీనివల్ల ఆసుపత్రులలో ఉండే మామూలు సూక్ష్మదర్శినితోనే చూడడం సాధ్యమయింది.

ఇంకొక ఇబ్బంది మిగిలింది. జంతువుల రక్తం నుంచి తీసే ప్రతిరక్షకాలు అనేక రకాల మిశ్రమంగా ఉంటాయి. ఒక జంతువు నుంచి తీసినది మరొక జంతువు నుంచి తీసినదానితో పూర్తిగా సరిపోలదు. 1975లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎంత కావాలంటే అంత తయారుచేసే విధానాన్ని కనుగొన్నారు. వీటిని ఏకరూప ప్రతిరక్షకాలు అనవచ్చు. ఈ కృషికి వారిద్దరూ నీల్స్ జెర్న్‌తో కలిసి 1984లో నోబెల్ బహుమతి పొందారు. ఈ విధానం వల్ల వేర్వేరు ఊళ్ళలోని ప్రయోగశాలలు ఒకే ప్రతిరక్షకంతో పరీక్షించి ఫలితాలను పోల్చి చూడగలుగుతున్నాయి.

పాఠ్యగత ప్రశ్నలు 17.2
1. ప్రతిరక్షకం అంటే ఏమిటి?
2. మెరిసే రంగుకు బదులు ఎంజైమును వాడడం వల్ల కలిగిన లాభం ఏమిటి?

17.3 గడ్డ ముక్క నుంచి స్లైడు వరకు

ఇప్పుడు పరీక్ష జరిగే విధానాన్ని దశలవారీగా చూద్దాం.

దశ 1: కణజాలాన్ని స్థిరపరచడం. శరీరం నుంచి వేరుచేసిన క్షణం నుంచి కణజాలం చెడిపోవడం మొదలవుతుంది. కణాల్లోని ఎంజైములే ప్రోటీన్లను విచ్ఛిన్నం చేస్తాయి. దీన్ని ఆపడానికి ముక్కను 10 శాతం ఫార్మలిన్ ద్రావణంలో వేస్తారు. రొమ్ము క్యాన్సర్ పరీక్షల కోసం ఆమోదించిన నియమాల ప్రకారం ముక్కను తీసిన 1 గంటలోగా ఫార్మలిన్‌లో వేయాలి. అందులో 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలకు మించకుండా ఉంచాలి. తక్కువ సమయం ఉంచితే లోపలి భాగం స్థిరపడదు. మరీ ఎక్కువ కాలం ఉంచితే ప్రోటీన్లు ఒకదానితో ఒకటి గట్టిగా పెనవేసుకొని ప్రతిరక్షకానికి అందకుండా పోతాయి.

దశ 2: మైనంలో అచ్చువేయడం. స్థిరపరచిన ముక్క నుంచి నీటిని ఆల్కహాలుతో తొలగించి, కరిగించిన పారఫిన్ మైనంలో ఉంచుతారు. మైనం గట్టిపడ్డాక ఏర్పడే దిమ్మను 'బ్లాకు' అంటారు. ఈ బ్లాకు చాలా సంవత్సరాలు చెడకుండా ఉంటుంది. దీని ప్రాముఖ్యాన్ని ముందు ముందు తెలుసుకొంటారు.

దశ 3: పలుచగా కోయడం. మైక్రోటోమ్ అనే యంత్రంతో బ్లాకు నుంచి 3 నుంచి 5 మైక్రోమీటర్ల మందం గల పొరలను కోస్తారు. మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో 1000వ వంతు. మన తలవెంట్రుక మందం ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ పొరను గాజు స్లైడుకు అతికించి, మైనాన్ని కరిగించి తీసివేస్తారు.

దశ 4: ప్రతిజనకాన్ని తిరిగి బయటపెట్టడం. ఫార్మలిన్ కణజాలాన్ని కాపాడుతుంది గాని, ప్రోటీన్లను కొంతవరకు కప్పివేస్తుంది. స్లైడును తగిన ద్రావణంలో ఉంచి బాగా వేడిచేస్తే ఈ ముసుగు తొలగుతుంది. ఈ పద్ధతి 1991లో వెలువడింది. అంతకుముందు పనిచేయని అనేక ప్రతిరక్షకాలు దీని తర్వాత మైనపు బ్లాకులపై కూడా పనిచేయసాగాయి.

దశ 5: ప్రతిరక్షకాలను వేయడం. మొదట మనకు కావలసిన ప్రోటీన్‌ను పట్టుకొనే ప్రతిరక్షకాన్ని స్లైడుపై వేస్తారు. కొంతసేపు ఉంచి కడిగితే, అతుక్కున్నవి మిగిలి మిగతావి కొట్టుకుపోతాయి. తర్వాత మొదటి ప్రతిరక్షకాన్ని పట్టుకొనే రెండో ప్రతిరక్షకాన్ని వేస్తారు. ఎంజైము దీనికి జతచేసి ఉంటుంది. ఒక్కొక్క మొదటి ప్రతిరక్షకానికి అనేక ఎంజైము అణువులు చేరడం వల్ల రంగు బలంగా వస్తుంది.

దశ 6: రంగు పట్టించడం. డి.ఎ.బి. అనే రసాయనాన్ని వేయగానే ఎంజైము దాన్ని గోధుమరంగు పదార్థంగా మారుస్తుంది. చివరగా హెమటాక్సిలిన్ అనే నీలిరంగును వేస్తారు. ఇది అన్ని కణాల కేంద్రకాలకూ పడుతుంది. ఇప్పుడు నీలిరంగు కేంద్రకాల ఆధారంగా కణాలను గుర్తించవచ్చు. గోధుమరంగు పడిన చోటల్లా మనకు కావలసిన ప్రోటీన్ ఉందన్నమాట.

ప్రతిసారీ దీనితోపాటు పోలిక కోసం మరికొన్ని స్లైడులకు కూడా రంగు పట్టిస్తారు. ఆ ప్రోటీన్ తప్పక ఉందని ముందే తెలిసిన కణజాలం ఒకటి, లేదని తెలిసిన కణజాలం ఒకటి ఉంటాయి. మొదటిదానికి రంగు పట్టకపోయినా, రెండోదానికి పట్టినా ఆ రోజు పరీక్షను నమ్మకూడదు. వీటిని నియంత్రణ స్లైడులు అంటారు.

కృత్యం 17.1
ఒక మొక్కజొన్న గింజను రాత్రంతా నీటిలో నానబెట్టండి. ఉదయం దాన్ని నిలువుగా రెండు బద్దలుగా కోయండి. కోసిన ముఖంపై ఒక చుక్క టింక్చర్ అయొడిన్ వేసి, రెండు నిమిషాల తర్వాత నీటితో కడగండి. అయొడిన్ పిండిపదార్థాన్ని నీలి-నలుపుగా మారుస్తుంది. గింజలో ఏ భాగం నల్లబడింది? మొలక వచ్చే భాగం కూడా అంతగా నల్లబడిందా? ఇప్పుడు ఇంకో గింజను నూరి, ఆ పిండిపై అయొడిన్ వేయండి. అంతా ఒకే రంగుగా కనిపిస్తుంది. ఉల్లిపాయ ముక్కపై కూడా ఒక చుక్క వేసి చూడండి. ఉల్లిపాయలో పిండిపదార్థం నిల్వ ఉండదు కనుక అది నల్లబడదు. మీ ప్రయోగంలో ఉల్లిపాయ ముక్క ఏ స్లైడు పనిచేసిందో ఆలోచించండి.

పాఠ్యగత ప్రశ్నలు 17.3
1. కణజాలాన్ని ఆలస్యం చేయకుండా ఫార్మలిన్‌లో ఎందుకు వేయాలి?
2. గోధుమరంగు, నీలిరంగు వేటిని సూచిస్తాయి?
3. నియంత్రణ స్లైడుల ఉపయోగం ఏమిటి?

17.4 రంగు ఎక్కడ పడింది?

స్లైడును చూసే పాథాలజిస్టు రంగు పట్టిందా లేదా అని మాత్రమే చూడరు. ఏ కణాల్లో పట్టింది, కణంలో ఏ భాగానికి పట్టింది అని చూస్తారు. ఒక ప్రోటీన్ ఉండవలసిన చోట కాక మరో చోట రంగు కనిపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకపోవచ్చు. లేదా అదే ముఖ్యమైన ఆధారం కావచ్చు. కొన్ని ఉదాహరణలు చూడండి.

(అ) ఇ.ఆర్.: ఇది ఈస్ట్రోజెన్ హార్మోను గ్రాహకం. దీని స్థానం కేంద్రకం. కణితి కణాల్లో కనీసం 1 శాతం కేంద్రకాలకు రంగు పడితే పాజిటివ్‌గా లెక్కిస్తారు. 1 నుంచి 10 శాతం వరకు ఉంటే 'తక్కువ పాజిటివ్' అని ప్రత్యేకంగా రాస్తారు.

(ఆ) కె.ఐ.-67: విభజన చెందుతున్న కణాల కేంద్రకాల్లో ఉంటుంది. ఎంత శాతం కేంద్రకాలకు రంగు పట్టిందో చూసి కణితి ఎంత వేగంగా పెరుగుతోందో అంచనా వేస్తారు.

(ఇ) సైటోకెరాటిన్: ఉపకళా కణాల కణద్రవ్యంలో ఉంటుంది. శోషరస గ్రంథిలో సహజంగా ఉండే రోగనిరోధక కణాల్లో ఇది ఉండదు. కాబట్టి చంకలోని శోషరస గ్రంథిలో ఈ రంగు పట్టిన కణాల గుంపు కనిపిస్తే, రొమ్ము క్యాన్సర్ అక్కడికి పాకి ఉండవచ్చునని గుర్తిస్తారు. మామూలు రంగుతో కంటికి ఆనని కొద్దిపాటి కణాలు కూడా ఇలా బయటపడతాయి.

(ఈ) ఇ-కాథరిన్: పక్కపక్క కణాలను అతికించి ఉంచే ప్రోటీన్. దీని స్థానం కణత్వచం. రొమ్ము క్యాన్సర్‌లోని లోబ్యులార్ అనే రకంలో ఇది సాధారణంగా కనిపించదు. అందుకే ఆ రకం కణాలు ఒకదాన్నొకటి పట్టుకోకుండా విడివిడిగా, వరుసలుగా కనిపిస్తాయి.

(ఉ) బీటా-కాటెనిన్: ప్రోటీన్ చోటు మారితే ఎంత తేడా వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దపేగు కణాల్లో ఇది కణత్వచం దగ్గర ఉండి కణాలను కలిపి ఉంచడానికి తోడ్పడుతుంది. అవసరానికి మించి తయారైనది కణద్రవ్యంలో నాశనమవుతుంది. ఈ నాశనానికి ఎ.పి.సి. అనే ప్రోటీన్ అవసరం. పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఎ.పి.సి. జన్యువు దెబ్బతిని ఉంటుంది. అప్పుడు బీటా-కాటెనిన్ పేరుకుపోయి కేంద్రకంలోకి చేరి, కణ విభజనను పెంచే జన్యువులను పనిచేయిస్తుంది. ప్రోటీన్ అదే. కణత్వచం దగ్గర ఉంటే కణాలను కలిపి ఉంచుతుంది, కేంద్రకంలో చేరితే కణితి పెరుగుదలకు కారణమవుతుంది. కణజాలాన్ని నూరి కొలిస్తే ఈ విషయం తెలిసేది కాదు.

పాఠ్యగత ప్రశ్నలు 17.4
1. ఈ ప్రోటీన్ల స్థానాలను రాయండి: ఇ.ఆర్., సైటోకెరాటిన్, ఇ-కాథరిన్.
2. పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో బీటా-కాటెనిన్ స్థానం ఎలా మారుతుంది?

17.5 హెర్-2: స్థానాన్నిబట్టి చికిత్స

హెర్-2 కణత్వచంలో ఉండే గ్రాహకం. దాని ఒక కొస కణం బయటకు, మరొక కొస కణం లోపలికి ఉంటుంది. బయటి నుంచి పెరుగుదల సంకేతాన్ని లోపలికి చేరవేయడం దీని పని. మామూలు రొమ్ము కణంపై ఇవి వేల సంఖ్యలో ఉంటాయి. కొన్ని క్యాన్సర్ కణాల్లో హెర్-2 జన్యువు ప్రతులు రెండుకు బదులు ఎన్నో రెట్లు పెరిగిపోతాయి. అప్పుడు కణం మీద గ్రాహకాల సంఖ్య లక్షలకు చేరుతుంది. కణానికి 'విభజన చెందు' అనే సంకేతం ఆగకుండా అందుతుంది. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతం ఈ రకానికి చెందినవి.

1987లో అమెరికాలో డెనిస్ స్లామన్, ఆయన సహచరులు హెర్-2 జన్యువు ప్రతులు పెరిగిన రోగుల్లో వ్యాధి త్వరగా తిరగబెడుతోందని, వారి ఆయుష్షు తగ్గుతోందని చూపారు. అప్పట్లో ఇది చెడువార్తే. తర్వాత ఈ గ్రాహకం బయటి భాగాన్ని పట్టుకొనే ఏకరూప ప్రతిరక్షకాన్ని మందుగా తయారుచేశారు. దాని పేరు ట్రాస్టుజుమాబ్. 1998లో అమెరికాలో దీనికి అనుమతి లభించింది. మన దేశంలో తయారైన సమరూప ఔషధానికి 2013లో అనుమతి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఈ మందును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఒకప్పుడు భయపెట్టిన ఫలితం ఇప్పుడు ఒక చికిత్సకు దారి చూపుతోంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ప్రతిరక్షకం పెద్ద అణువు. అది కణత్వచాన్ని దాటి నేరుగా కణం లోపలికి పోలేదు. రక్తంలో ప్రవహిస్తూ వచ్చి కణం బయట ఉన్న భాగాన్నే పట్టుకోగలదు. అందుకే హెర్-2 పరీక్షలో కణత్వచానికి పట్టిన రంగునే లెక్కిస్తారు. కణద్రవ్యానికి మాత్రమే రంగు పడితే లెక్కించరు. ఇ.ఆర్. విషయం వేరు. అది కేంద్రకంలో ఉంటుంది కనుక అక్కడికి చేరగల చిన్న అణువు కావాలి. టామోక్సిఫెన్ అటువంటిది. మాత్రగా మింగితే రక్తంలో కలిసి, కణంలోకి చొచ్చుకుపోయి ఇ.ఆర్.ను అడ్డుకొంటుంది. ఈ విధంగా ప్రోటీన్ ఉన్న చోటునుబట్టి దాన్ని చేరగల మందు ఏదో నిర్ణయమవుతుంది.

హెర్-2 స్లైడుకు ఇచ్చే గుర్తులు ఇవి:

0: రంగు అసలు లేదు, లేదా 10 శాతానికి మించని కణాల్లో అతి స్వల్పంగా, అసంపూర్ణంగా ఉంది. నెగెటివ్.
1+: 10 శాతానికి మించిన కణాల్లో కణత్వచం చుట్టూ అసంపూర్ణంగా, అతి లేతగా ఉంది. నెగెటివ్.
2+: 10 శాతానికి మించిన కణాల్లో కణత్వచం చుట్టూ పూర్తిగా, కాని లేతగా లేదా మధ్యస్థంగా ఉంది. సందిగ్ధం.
3+: 10 శాతానికి మించిన కణాల్లో కణత్వచం చుట్టూ పూర్తిగా, ముదురుగా ఉంది. పాజిటివ్.

2+ వచ్చినప్పుడు నిర్ణయం అక్కడితో ఆగదు. కణాల్లో హెర్-2 జన్యువు ప్రతులను లెక్కించే 'ఫిష్' అనే మరో పరీక్ష చేయాలి. ప్రతులు పెరిగి ఉంటే పాజిటివ్‌గా, లేకుంటే నెగెటివ్‌గా నిర్ణయిస్తారు. చాలామంది 2+ చూసి పాజిటివ్ అనుకొంటారు. కొందరు నెగెటివ్ అనుకొని ఊరుకొంటారు. రెండూ సరికావు.

ఈ గుర్తు తప్పయితే నష్టం రెండు విధాలుగా ఉంటుంది. పాజిటివ్‌ను నెగెటివ్ అంటే రోగికి పనిచేసే మందు అందదు. నెగెటివ్‌ను పాజిటివ్ అంటే ఖరీదైన మందును ఉపయోగం లేకుండా వాడతారు. ఈ మందు కొందరిలో గుండె పనితీరును తగ్గిస్తుంది కూడా.

కొత్త మందులు వచ్చినప్పుడు పాత గుర్తులకు కొత్త అర్థం రావచ్చు. ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందులో ప్రతిరక్షకానికి క్యాన్సర్ కణాన్ని చంపే రసాయనాన్ని జతచేశారు. ఇతర భాగాలకు పాకిన రొమ్ము క్యాన్సర్‌లో 1+ వచ్చినవారికి, 2+ వచ్చి ఫిష్ పరీక్షలో నెగెటివ్ అయినవారికి కూడా దీన్ని వాడడానికి 2022లో అమెరికాలో అనుమతి లభించింది. అంతకుముందు 0కి, 1+కి చికిత్సలో తేడా ఉండేది కాదు. ఇప్పుడు ఆ తేడాను కూడా జాగ్రత్తగా చూడవలసి వస్తోంది.

పాఠ్యగత ప్రశ్నలు 17.5
1. హెర్-2 పరీక్షలో కణద్రవ్యానికి పట్టిన రంగును ఎందుకు లెక్కించరు?
2. హెర్-2 ఫలితం 2+ వస్తే తర్వాత ఏమి చేయాలి?

17.6 పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి? మనం ఏమి చేయవచ్చు?

రంగు పట్టకపోవడానికి ప్రోటీన్ లేకపోవడం ఒక్కటే కారణం కాదు. ముక్క చాలాసేపు బయట ఉండిపోయి ఉండవచ్చు. ఫార్మలిన్ చాలకపోయి ఉండవచ్చు. ప్రతిరక్షకం గడువు తీరిపోయి ఉండవచ్చు. అలాగే ముక్క అంచులు ఎండిపోతే అక్కడ ప్రోటీన్ లేకపోయినా రంగు పట్టవచ్చు. అందుకే పాథాలజిస్టు ముందుగా నియంత్రణ స్లైడులను చూస్తారు. రొమ్ము కణజాలంలో మరో సౌకర్యం ఉంది. కణితి పక్కన ఉన్న మామూలు నాళాల్లో కొన్ని కణాలకు ఇ.ఆర్. రంగు పట్టాలి. వాటికి కూడా పట్టకపోతే పరీక్షలోనే లోపం ఉందని అనుమానించాలి.

రోగి గాని, కుటుంబ సభ్యులు గాని ప్రయోగశాలలో పని చేయలేరు. అయినా వారు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి:

1. కొన్నిచోట్ల తీసిన ముక్కను ప్రయోగశాలకు చేర్చే బాధ్యత కుటుంబ సభ్యులపై పడుతుంది. అప్పుడు సీసాలో ఫార్మలిన్ ఉందో లేదో ఆసుపత్రి సిబ్బందిని అడిగి తెలుసుకోండి. నీటిలో గాని, ఖాళీ సీసాలో గాని తీసుకుపోకూడదు. ఎక్కడా ఆగకుండా చేర్చండి. ఫార్మలిన్ ఘాటైనది, విషపదార్థం. కాబట్టి మూత తీయకండి.
2. సీసాపై రోగి పేరు, ముక్క తీసిన తేదీ, సమయం, శరీర భాగం రాసి ఉన్నాయో లేదో చూడండి.
3. మైనపు బ్లాకు విలువైనది. వేరే ఆసుపత్రికి వెళ్ళినప్పుడు రిపోర్టుతో పాటు బ్లాకును, స్లైడులను అడిగి తీసుకోండి. వాటితో మళ్ళీ పరీక్ష చేయవచ్చు. సాధారణంగా మరోసారి ముక్క తీయవలసిన అవసరం ఉండదు. బ్లాకును ఎండలో, పొయ్యి దగ్గర పెట్టకండి. మైనం కరుగుతుంది.
4. రిపోర్టులో 2+ వంటి సందిగ్ధ ఫలితం ఉంటే తదుపరి పరీక్ష గురించి డాక్టరును అడగండి.
5. ఈ పాఠం చదివి మీకు మీరే చికిత్సను నిర్ణయించుకోకండి. రిపోర్టులోని అన్ని అంశాలను కలిపి చూసి డాక్టరు నిర్ణయిస్తారు.

17.7 ప్రోటీన్ల పటాలు

ఒక రోగికి రెండు మూడు ప్రోటీన్లను చూడడం ఆసుపత్రి పని. మానవ శరీరంలోని ప్రోటీన్లన్నీ ఏ కణజాలంలో ఎక్కడ ఉంటాయో పటం తయారుచేయడం పరిశోధకుల పని. 2003లో స్వీడన్‌లో మథియాస్ ఉలెన్ నాయకత్వంలో 'హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్' అనే కార్యక్రమం మొదలయింది. వేల ప్రతిరక్షకాలతో ఆరోగ్యకరమైన కణజాలాలకు, అనేక రకాల కణితులకు రంగు పట్టించి, ఆ చిత్రాలను ఎవరైనా ఉచితంగా చూసే వీలు కల్పించారు. లక్షల సంఖ్యలో ఉన్న ఈ చిత్రాలను పరిశీలించి, రంగు ఏ కణాల్లో ఎంత పట్టిందో నమోదు చేసిన పనిలో ముంబయిలోని పాథాలజిస్టులకు పెద్ద పాత్ర ఉంది.

ఇంత పెద్ద పనికి 1998లో వెలువడిన ఒక ఉపాయం తోడ్పడింది. అనేక బ్లాకుల నుంచి సన్నని కడ్డీల్లాంటి ముక్కలు తీసి, ఒకే బ్లాకులో వరుసలుగా నాటుతారు. నారుమడిలోని మొక్కల్లాగా వందల నమూనాలు ఒకే స్లైడుపై అమరుతాయి. అన్నింటికీ ఒకేసారి, ఒకేలా రంగు పట్టించవచ్చు.

గోధుమరంగు పద్ధతికి ఒక పరిమితి ఉంది. సాధారణంగా ఒక పొరపై ఒకటి రెండు ప్రోటీన్లనే చూడగలం. 2014లో ప్రతిరక్షకాలకు రంగుకు బదులు వేర్వేరు లోహాలను జతచేసి, లేజరు కిరణంతో పొరను బిందువు బిందువుగా చదివే పద్ధతిని ప్రకటించారు. ఏ బిందువులో ఏ లోహం ఉందో తెలిస్తే ఏ ప్రోటీన్ ఉందో తెలుస్తుంది. దీనితో ఒకే పొరపై 30కి పైగా ప్రోటీన్ల స్థానాలను కలిపి చూడవచ్చు. రోగనిరోధక కణాలు కణితిలోకి చొచ్చుకుపోయాయా, లేక అంచు దగ్గరే ఆగిపోయాయా అనేది ఇలాంటి పటాల్లో వివరంగా కనిపిస్తుంది. రోగనిరోధక శక్తిని మేల్కొలిపే మందులు ఎవరికి పనిచేస్తాయో తెలుసుకోవడానికి పరిశోధకులు ఈ పటాలను ఉపయోగిస్తున్నారు.

మీరు ఏం నేర్చుకున్నారు

• కణితిలో అనేక రకాల కణాలు ఉంటాయి. ప్రోటీన్ ఉందా అనేదే కాక ఏ కణంలో, ఏ భాగంలో ఉందనేది కూడా ముఖ్యం.
• ప్రతిరక్షకం తన ప్రతిజనకాన్ని మాత్రమే పట్టుకొంటుంది. దానికి ఎంజైమును చేర్చి రంగు పుట్టించడం ద్వారా ప్రోటీన్ స్థానాన్ని కనుగొంటారు.
• ముక్కను 1 గంటలోగా ఫార్మలిన్‌లో వేసి, 6 నుంచి 72 గంటలు ఉంచాలి.
• ఇ.ఆర్. స్థానం కేంద్రకం, హెర్-2 స్థానం కణత్వచం. స్థానాన్నిబట్టి మందు రకం మారుతుంది.
• హెర్-2 ఫలితం 2+ అయితే ఫిష్ పరీక్ష అవసరం.
• మైనపు బ్లాకును భద్రపరిస్తే మళ్ళీ పరీక్షించుకోవచ్చు.

పాఠాంత ప్రశ్నలు

1. ప్రతిరక్షకాలతో కణజాలానికి రంగు పట్టించే విధానాన్ని దశలవారీగా వివరించండి.
2. టామోక్సిఫెన్, ట్రాస్టుజుమాబ్ పనిచేసే స్థానాలను పోల్చండి.
3. ఒక స్లైడులో కణితి కణాలకు గాని, పక్కనున్న మామూలు నాళాల కణాలకు గాని ఇ.ఆర్. రంగు పట్టలేదు. దీన్ని నెగెటివ్‌గా ప్రకటించవచ్చా? కారణం రాయండి.
4. మీ బంధువు ఒకరు జిల్లా కేంద్రంలో ఆపరేషన్ చేయించుకొని, తదుపరి చికిత్సకు హైదరాబాదు వెళ్తున్నారు. వెంట తీసుకెళ్ళవలసినవి ఏమిటో కారణాలతో ఒక ఉత్తరంగా రాయండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

17.1
1. రక్తనాళాలు, సంధాయక కణజాలం, రోగనిరోధక కణాలు (ఏవైనా రెండు).
2. ప్రోటీన్ ఏ కణంలో, ఏ భాగంలో ఉందనే సమాచారం.

17.2
1. ఒక నిర్దిష్ట ప్రతిజనకాన్ని పట్టుకోవడానికి శరీరం తయారుచేసే ప్రోటీన్.
2. మామూలు సూక్ష్మదర్శినితో చూడవచ్చు. మెరుపులాగా రంగు మాసిపోదు.

17.3
1. కణాల్లోని ఎంజైములు ప్రోటీన్లను విచ్ఛిన్నం చేయకుండా ఆపడానికి.
2. గోధుమరంగు మనకు కావలసిన ప్రోటీన్‌ను, నీలిరంగు కేంద్రకాలను సూచిస్తాయి.
3. పరీక్ష సరిగా జరిగిందో లేదో తెలుపుతాయి.

17.4
1. ఇ.ఆర్.: కేంద్రకం, సైటోకెరాటిన్: కణద్రవ్యం, ఇ-కాథరిన్: కణత్వచం.
2. కణత్వచం దగ్గర ఉండవలసినది పేరుకుపోయి కేంద్రకంలోకి చేరుతుంది.

17.5
1. ప్రతిరక్షక మందు కణం బయటి భాగాన్నే పట్టుకోగలదు కనుక.
2. ఫిష్ పరీక్షతో జన్యువు ప్రతులను లెక్కించాలి.